ముగ్గు కింద మరక

మొన్న ఆదివారం మా భిలాయిలో పాత కార్ల ప్రదర్శన పెట్టారు. పెద్ద ఊళ్ళలో ఉండేంత ఆర్భాటమేమీ లేదు. మైదానంలో ఒక షామియానా, పన్నెండో పదమూడో కార్లు, వాటికి బంతిపూల దండలు, పక్కన గుప్‌చుప్ అనే పానీపూరీల బండి. నాకై నేను వెళ్ళలేదు, మనవరాలు లాక్కెళ్ళింది. ఆ పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగులో మొదలుపెట్టిన మాటను హిందీలో ముగిస్తుంది. ఒక నల్లకారు దగ్గర ఆగి, దాని యజమానితో రెండు నిమిషాల్లో స్నేహం కలిపేసి, "నానమ్మా, అంకుల్ ఏక్ రౌండ్ తిప్పుతారట, నేను బైఠ్ జాతీ హూఁ" అంటూ తలుపు తీసేసింది. అంతే, నా కళ్ళు దాని చక్రాల మీద పడ్డాయి. డెబ్బైకి దగ్గర పడుతున్నాను, మోకాళ్ళు నా మాట వినడం మానేసి చాలా కాలమైంది. అయినా ఆ ఎండలో, అంతమంది ముందు, కుచ్చిళ్ళు ఎగదోపుకుని వెనక చక్రం పక్కన వంగి నేల చూశాను. పొడిగానే ఉంది. చేత్తో తడిమి కూడా చూశాను. "బ్రేక్ చెక్ కర్‌వాయా, భయ్యా?" అని అడిగితే ఆయన నవ్వాడు. మనవరాలు సిగ్గుతో చచ్చిపోయింది. "ప్లీజ్ నానమ్మా, అందరూ దేఖ్ రహే హైఁ" అంది. చూడనీ! నేను పిరికిదాన్నే. ఆ సంగతి దాచుకునే వయసు కూడా దాటిపోయాను. కారు కదిలింది, నేను షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాను.

మా సెక్టారు తెలుగువాళ్ళలో మొట్టమొదట కారు తోలిన మనిషి మా మామగారు. కొన్నారంటే అబద్ధమవుతుంది, తయారుచేశారనాలి. దుర్గ్ అవతల ఒక మాజీ జమీందారుగారి గొడ్లసావిట్లో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న విలాయతీ కారును ఎడ్లబండి వెనక కట్టి ఇంటికి ఈడ్చుకొచ్చారట. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో మరమ్మతుల ఫిట్టరుగా చేరిన మనిషి, డ్యూటీ దిగాక రెండేళ్ళపాటు దాన్ని విప్పి, కడిగి, అరిగిపోయిన ముక్కలన్నీ తన చేత్తో చేసి బిగించారు. నేను కాపరానికి వచ్చేసరికి అది నడుస్తోంది, కోళ్ళవాసన మాత్రం పోలేదు. ముందు భాగంలో ఇనప కమ్మీ దూర్చి గిర్రున తిప్పితే, రెండుసార్లు దగ్గి, మూడోసారి ఇల్లదిరేలా గర్జించేది. సెక్టారులో సగంమంది ఆఫీసర్లు ఆయన దగ్గరే స్టీరింగు పట్టడం నేర్చుకున్నారు. జనం ఆయన్ని కారు మేస్త్రీ అనేవారు. ఆయనకి భయమంటే ఏమిటో తెలీదని మా అత్తగారు గర్వంగా చెప్పుకునేది. నాకు మాత్రం ఆ కమ్మీ తిరిగినప్పుడల్లా గుండె జారిపోయేది. కానీ ఎవరితో చెప్పను? మా ఇంట్లో కోడళ్ళు మామగారి ఎదట నోరెత్తకూడదు. నీళ్ళు తోడానని చెప్పాలన్నా నేను అత్తగారితో అనాలి, ఆవిడ ఆయనతో అనాలి. ఆయన మూరెడు దూరంలో కూర్చుని అంతా విన్నా సరే, ఆవిడ చెప్పేదాకా లేచేవారు కారు. మూడేళ్ళు అలాగే జరిగిపోయాయి.

విశ్వకర్మ పూజ మా ఊళ్ళో పెద్ద పండగ. ఆ రోజు పనిముట్టు ముట్టుకోరు. సుత్తి, రంపం, ఆకురాయి అన్నీ కడిగి, పీట మీద వరసగా పేర్చి, పసుపూ కుంకుమా పెడతారు. మర్నాటి దాకా వాటికి విశ్రాంతి. ఈ నియమాన్ని మామగారు పాటించినంత నిష్ఠగా ఏ పురోహితుడూ పాటించి ఉండడు. ఆ ఏడాది పూజకి ముందురోజు సాయంత్రం ఆయన మా వారితో అంటూంటే విన్నాను. "వెనక చక్రం కాడ బ్రేకాయిలు ఊరతందిరా. ఇప్పుడు నిండా పోసీసేను. పొద్దున్న నేల పొడిగా ఉంటే పర్వాలేదు, ఎల్లుండి ఇప్పి చూస్తాను." ఆయిలు ఎంతుందో చూడాలంటే కారు నేలచెక్క కిందున్న మూత తియ్యాలి, దానికి పానా కావాలి. పానా పీటెక్కిపోయింది. అంచేత నేలే చూసుకోవాలి.

పొద్దున్నే అందరికంటే ముందు లేచేది నేను. కల్లాపి చల్లబోతే, వాకిట్లో నిలిపిన కారు వెనక చక్రం కింద పళ్ళెమంత మరక కనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ముందురోజు విన్న మాట గుర్తేలేదు. పూజ పూట కారు కింద జిడ్డేమిటి, అత్తగారు చూస్తే ఏమంటుందో, అదొక్కటే నా బాధ. బూడిద పోసి, కొబ్బరిపీచుతో రుద్ది, నీళ్ళు కొట్టి, ఆరాక దాని మీద ఎనిమిది రేకుల ముగ్గు వేశాను. ముచ్చటగా వచ్చింది కూడా. కాసేపటికి మామగారు స్నానం చేసి వచ్చి, చక్రం దగ్గర వంగి చూసి, "ఇదిగో, పొడిగా ఉంది. ఊరడం ఆగిపోనాది" అన్నారు. అప్పుడు వెలిగింది నా బుర్రకి. చేతిలో ఉన్న హారతి పళ్ళెం అక్కడే దించేసి లోపలికి పరిగెత్తాను.

వంటింట్లో అత్తగారి చెవిలో చెప్పాను, మరక ఉందనీ, తుడిచేశాననీ. ఆవిడ బూరెలు వేయిస్తోంది, తల తిప్పలేదు. "ఆయనకి తెలీదేటే? పూజ పూట అపశకునం మాటలు ఆడకు" అంది. మా వారితో చెబుదామంటే ఆయన పొద్దుటి షిఫ్టుకి వెళ్ళిపోయారు, కొలిమికి పండగ లేదు కదా. ఇక మిగిలింది నేను నేరుగా మామగారితో చెప్పడమే. గుమ్మం దాకా మూడుసార్లు వెళ్ళి మూడుసార్లు వెనక్కి వచ్చాను. ఈలోగా ఆయన చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేశారు, కమ్మీ తిప్పేశారు. చరోదా రైల్వే క్వార్టర్లలో ఉన్న మా ఆడపడుచుకి ప్రసాదం ఇచ్చి రావాలి. ముందు ఆయనా, పక్కన ప్రసాదం డబ్బాతో అత్తగారూ, వెనక ఎనిమిది నెలల పిల్లాడితో నేను. ఎక్కనని అనలేక ఎక్కాను.

దారంతా నేను రోడ్డు చూడలేదు, ముందు సీట్ల సందులోంచి ఆయన కుడికాలే చూశాను. మొదట ఒక ఆవు అడ్డొచ్చింది. కాలు నొక్కారు, కారు ఆగింది, నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఒక సైకిలువాడు అడ్డుపడ్డాడు. ఈసారి రెండుసార్లు తొక్కారు. మూడోసారి నాలుగుసార్లు తొక్కితేగానీ నెమ్మదించలేదు, కానీ ఆయన అత్తగారితో కబుర్లలో ఉన్నారు. పిల్లాణ్ణి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వాడు ఏడుపు లంకించుకున్నాడు. "పిల్లడికి ఆకలేస్తందేమో" అంది అత్తగారు. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నా చేత్తో తుడిచిన మరక, నా చేత్తో వేసిన ముగ్గు, నా పిల్లాడు. తప్పు ఇంకెవరి మీద పెట్టగలను?

అప్పుడు కనిపించింది దూరంగా రైలు గేటు. రోడ్డు పల్లంగా దిగుతోంది. గేటు వేసి ఉంది, దాని ముందు ఒక ఎడ్లబండి, నాలుగైదు సైకిళ్ళు, బుట్టలతో ఆడవాళ్ళు. కుమ్హారి వైపు నుంచి గూడ్సు కూత వినబడింది. నేను అరిచాను. "మావయ్యగారూ! బ్రేకులు లేవండీ! మరక నేనే తుడిచీసేనండీ!" అత్తగారు ఉలిక్కిపడి డబ్బా వదిలేసింది. మామగారు ఒక్కసారి తొక్కి చూశారు. కాలు నేలకి తగిలింది. ఎడమచేత్తో గేరు కిందికి గుంజారు, ఇంజను కేకపెట్టింది, చేతిబ్రేకు లాగితే మాడువాసన వేసింది. ఇంకా ఆగలేదు. జనానికి పాతిక గజాల ఇవతల స్టీరింగు ఎడమకి తిప్పేశారు. గట్టు దిగి, నీళ్ళు నిండిన వరిమడిలోకి వెళ్ళి, ఇరుసుల దాకా దిగబడి, కారు ఆగింది. బురద మా ముఖాల మీద పడింది. పిల్లాడు నవ్వుతున్నాడు.

గేట్‌మన్ ఏమైందంటూ కేకలేస్తూ పరిగెత్తుకొచ్చాడు. "కా హోగే, బబా?" స్టీరింగు పట్టుకున్న మామగారి చేతులు గడగడ వణుకుతున్నాయి. ఆ మనిషి చేతులు వణకడం నేను అప్పుడే చూశాను. గూడ్సు మొత్తం వెళ్ళిపోయేదాకా అలాగే కూర్చుని, మెల్లగా నా వైపు తిరిగారు. ఇప్పుడు తిడతారనుకున్నాను. తిడితే బావుణ్ణనుకున్నాను కూడా.

"ఎప్పుడు తుడిచినావమ్మా?"

"పొద్దున్నేనండీ. పళ్ళెమంత ఉంది. చెప్పడానికి భయమేసింది."

"నానంటేనా?"

తలూపాను. అత్తగారు ఒళ్ళో పడ్డ బూరెలు ఏరుకుంటూ ఏడుస్తోంది. "తప్పు నాదమ్మా" అన్నారు మామగారు. "పానా పట్టుకోవద్దన్నాడు గానీ దేవుడు, పాడైన బండి తోలమన్నాడేటి?" తర్వాత తలుపు తోసి, మోకాలి లోతు బురదలో దిగి, చేతులు చాచి పిల్లాణ్ణి అందుకున్నారు.

ఆ కారు మళ్ళీ నడిచింది, ఇంకా చాలా ఏళ్ళు. కానీ ఆ రోజు తర్వాత ఇంట్లో ఒక కొత్త అలవాటు మొదలైంది. ఎక్కడికి బయలుదేరినా, మామగారు కమ్మీ చేతబట్టి, అత్తగారి మధ్యవర్తిత్వం లేకుండా, నేరుగా నన్నే అడిగేవారు. "అమ్మాయ్, భయంగా ఉందేటి?" ఉందంటే ఎందుకని అడిగేవారు కారు. చొక్కా విప్పి కారు కిందికి దూరేవారు. ఒక్కోసారి నా భయానికి కారణమే ఉండేది కాదు, ఏదో పీడకల వచ్చి ఉండేది. అయినా గంటసేపు అన్నీ తట్టి చూసి, నల్లబడ్డ చేతులతో బయటికి వచ్చి, "ఇప్పుడో?" అనేవారు. లేదంటేనే కదిలేవాళ్ళం. అత్తగారు మూతి తిప్పుకునేది. ఇరుగుపొరుగు నవ్వేవారు, కారు మేస్త్రీకి కోడలే ఇన్‌స్పెక్టరని.

మనవరాలు రౌండు ముగించుకుని వచ్చింది. జుట్టంతా రేగిపోయి, కళ్ళు మెరుస్తూ, "చూశావా, కుఛ్ నహీఁ హువా!" అంది. అవును తల్లీ, ఏమీ కాలేదు. ఆనాటి ఎనిమిది నెలల పిల్లాడికే ఇప్పుడు నడుంనొప్పి, వాడే దీన్ని కన్న తండ్రి. మా ఇంట్లో ఇప్పుడు రెండు కార్లు, ఒక స్కూటీ. అన్నీ బటన్ నొక్కితే కదులుతాయి, ఎవరికి వాళ్ళు "వస్తా" అని వెళ్ళిపోతారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా నేను వరండాలో కూర్చుంటాను. వయసు మీదపడితే భయాలు తగ్గుతాయంటారు. నావి ఒక్కటీ తగ్గలేదు. భయంగా ఉందా అని అడిగే మనిషే వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది.