రాళ్ళ సీమలో నేను కొట్టిన గండి

మనిషికి అన్నీ తెలిసిన వయసు ఒకటి ఉంటుంది. నాకది ఇరవై ఐదో ఏట వచ్చి ఇరవై ఆరో ఏట పోయింది. ఆ రోజుల్లో నేను ఐర్లండ్ రాజధాని శివార్లలోని సిటీవెస్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరాను. ఊళ్ళోకి వెళ్ళే ట్రామును లువాస్ అనడం వచ్చింది, వంటింటి అలమరను ప్రెస్ అంటారని తెలిసింది, ఎవరేం అడిగినా 'బాగుంది' అనే అర్థంలో 'గ్రాండ్' అని జవాబు చెప్పడం అలవాటైంది. ఈ మూడూ వచ్చేశాక ఐర్లండ్‌లో ఇక నేర్చుకోవడానికేమీ మిగల్లేదని నా అభిప్రాయం. నాతో ఫ్లాట్ పంచుకున్నతను భీమవరం వైపు మనిషి. కనిపించిన ప్రతివాణ్ణీ 'బావగారూ' అని పిలుస్తాడు కనుక మేమంతా అతన్నే బావగారు అనేవాళ్ళం. నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఏ పని మొదలెట్టబోయినా "ఒకసారి కనుక్కుందామండీ" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. తెలిసిన విషయాన్ని మళ్ళీ కనుక్కోవడమేమిటని.

అక్టోబరు చివర బ్యాంకు సెలవు కలిసొస్తే ఇద్దరం బస్సెక్కి పడమటి తీరాన క్లేర్ కౌంటీలో బరెన్ అనే చోటికి వెళ్ళాం. (పేరు వినగానే నాకు బర్రెలు గుర్తొచ్చాయి. బావగారికి రాలేదు, వాళ్ళ వైపు గేదెలంటారు.) పచ్చదనానికి పేరుమోసిన దేశంలో అదొక రాతి ఎడారి. కనుచూపు మేర బూడిదరంగు సున్నపురాతి పలకలు, వాటి మధ్య మోకాలి లోతు చీలికలు, ఆ చీలికల్లో తలదాచుకున్న గడ్డీ గాదం. అందులో కొంత ప్రభుత్వం కాపాడుతున్న జాతీయ వనం, కొంత రైతుల మేతభూమి. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొత్తవాడికి తెలియదు. కొండలెక్కేవాళ్ళూ, కాలినడకన తిరిగేవాళ్ళూ, నాలాగా కేవలం ఫోటోలకు వచ్చినవాళ్ళూ సెలవొస్తే అక్కడే ఉంటారు. నడుమ ఒకచోట వేల ఏళ్ళ నాటి సమాధి ఉంది. నిలువు రాళ్ళ మీద ఒక పెద్ద బండ. దాన్ని చూసి నాకు ఉత్సాహం పొంగింది. మా నల్లగొండ గుట్టల మీద అచ్చం ఇలాంటివే ఉంటాయి, రాకాసి గుళ్ళు అంటాం. బావగారికి అరగంట ఉపన్యాసమిచ్చి, చాలదన్నట్టు చుట్టుపక్కల రాళ్ళేరి, మూడు నిలబెట్టి పైన ఒక పలక పెట్టి, చిన్న రాకాసి గుడి కట్టి, దాని పక్కన కూర్చుని ఫోటో తీయించుకున్నాను.

ఫోటో ఇంకా ఫోనులో ఉండగానే వనాన్ని కాపాడే ఉద్యోగిని ఒకావిడ వచ్చింది. ఆకుపచ్చ కోటు, తెల్లజుట్టు, చాలా మెత్తని గొంతు. (మా ఇద్దరి మధ్యా ఆవిడ పేరు ఆ తరవాత రేంజరమ్మగా స్థిరపడింది.) కోప్పడి ఉంటే బాగుండేది. ఆవిడ కోప్పడలేదు. ఈ రాయి కింద పురుగులు కాపురముంటాయనీ, ఒకరు కడితే వెనకొచ్చే వందమందీ కడతారనీ, కొన్నాళ్ళకు అసలు సమాధేదో ఆటబొమ్మేదో ఎవరికీ తెలియకుండా పోతుందనీ చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. తీసిన రాళ్ళను తీసిన చోటే పెట్టమంది. ఏ రాయి ఎక్కడిదో నాకెక్కడ గుర్తు. నాలుగింటినీ నాలుగు దిక్కుల్లో పెట్టి, సిగ్గుతో చెవులు కాలుతుంటే, పోయిన పరువు కొంతైనా రాబట్టుకుందామని, ఇలాంటివి తొలగించే పనేదైనా ఉంటే నేనొస్తానన్నాను. ఆవిడ వెంటనే నా ఈమెయిలు రాసుకుంది. ఈ దేశంలో మాటవరసకన్న మాటను కూడా రాసుకుంటారని నాకప్పటిదాకా తెలియదు.

మూడు వారాలకు పిలుపు వచ్చింది. నవంబరు శనివారం పొద్దున స్వచ్ఛందంగా వచ్చిన పదిమందికీ రేంజరమ్మ చేతితొడుగులిచ్చి, తలా ఒక మూల పంచింది. సందర్శకులు పేర్చిన చిన్న చిన్న కుప్పలు మాత్రమే తీయాలి, గోడల జోలికి పోవద్దు, అనుమానం వస్తే అడగాలి. అంతే నియమాలు. బావగారు కూడా వచ్చాడు, నేను అద్దె కారులో ఒక్కణ్ణీ అంత దూరం వెళ్తే దారి తప్పుతానని అతని భయం. నేను విజృంభించాను. మధ్యాహ్నానికి పదకొండు కుప్పలు కూల్చాను. పన్నెండోదాని కోసం వెతుకుతుంటే పొడవాటి రాతిగోడ ఒకటి కనిపించింది. గోడంతా పద్ధతిగా ఉంది. ఒక్కచోట మాత్రం రెండు బారల మేర రాళ్ళు వదులుగా, ఎగుడుదిగుడుగా, ఎవరో తోచక పోసినట్టున్నాయి.

"చూసిన్రా బావగారూ, గోడ ఇరిగిన కాడ టూరిస్టులు కుప్ప పోసిన్రు. తీసేద్దాం పట్టుండ్రి" అన్నాను.

"గోడ జోలికి వెళ్ళొద్దన్నారు కదండీ ఆవిడ. ఒకసారి కనుక్కుందామండీ. ఎంతసేపు, అలా వెళ్ళి ఇలా వచ్చేద్దాం."

"ఇది గోడ గాదు. గోడ అది, ఇది కుప్ప."

అతను పక్కనున్న బండ మీద కూర్చుండిపోయాడు. నేనొక్కణ్ణే గంటసేపు చెమటోడ్చాను. మళ్ళీ ఎవరూ పేర్చడానికి వీల్లేకుండా ఒక్కొక్క రాయినీ మోసుకెళ్ళి దూరదూరంగా, ఏ రెండూ ఒకచోట పడకుండా సర్దాను. (ఈ తెలివి ఫలితం సాయంత్రం అనుభవించాను.) తరవాత ఇద్దరం గాలి తగలని మూల చూసుకుని డబ్బాలో తెచ్చుకున్న పులిహోర విప్పాం. నాలుగు ముద్దలు తిన్నానో లేదో, ఒక ఎర్రటి ఆవు మా ముందు నుంచి హుందాగా నడిచి వెళ్ళింది. వెనక కొండ, పైన మబ్బు, బ్రహ్మాండమైన దృశ్యం. ఫోటో తీశాను. రెండో ఆవు వచ్చింది. దాన్నీ తీశాను. మూడోది వచ్చేసరికి బావగారు ముద్ద నోటిదగ్గరే ఆపాడు.

"ఏవండీ, ఇవి ఇందాక గోడకి అవతల ఉన్నాయి కదండీ."

పులిహోర డబ్బా అక్కడే వదిలేశాను. లేచి పరుగెత్తాను. ఏడు ఆవులు. గండిలోంచి తీరిగ్గా ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చి, తారురోడ్డు వైపు దిగిపోతున్నాయి. మా తాతకు ఎడ్లుండేవి కాబట్టి నాకు పశువుల భాష వచ్చనుకుని, హోయ్ హోయ్, హై హై అని నాలుగు కేకలు వేశాను. అవి ఆగి, నన్ను పరిశీలనగా చూసి, మళ్ళీ నడిచాయి. నల్లగొండ తెలుగు వాటికి అందలేదు. రోడ్డు మీద కారొచ్చి గుద్దితే ఏమవుతుంది, గార్డ్స్ వస్తారు (ఇక్కడి పోలీసులను అలాగే అంటారు), వీసా పోతుంది, విమానాశ్రయంలో మా అమ్మకు ఏం చెప్పాలి, ఆవుల కేసులో తిప్పి పంపించారని ఎలా చెప్పాలి. ఇలా ఆలోచిస్తూనే పరుగెత్తుతున్నాను.

రోడ్డు దగ్గర ఒక పాత జీపు ఆగింది. ఊతకర్రతో, ఒక పక్కకు ఒరిగి నడిచే ముసలాయన దిగాడు. ఆవులు ఆయనవే. కేకలు వేయలేదు. ఆవుల్ని లెక్కపెట్టాడు, గోడ వైపు చూశాడు, తరవాత మా ఇద్దర్నీ చూశాడు.

"గండి ఎవరు తీశారు?"

చెప్పడానికి నా దగ్గర మూడు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. గాలికి పడిందనొచ్చు. మేం వచ్చేసరికే అలా ఉందనొచ్చు. మూడోది బావగారి మీదికి పోతుంది. బావగారు నేల చూస్తూ నిలబడ్డాడు, ఒక్క మాట అనలేదు. అతను నన్ను అప్పగించి ఉంటే మూడోది వాడేవాణ్ణేమో. అతను ఊరుకోవడంతో నా నోటికి నిజమే వచ్చింది.

"నేనే. పనికిరాని కుప్ప అనుకున్నాను."

ముసలాయన ఊతకర్రతో గోడ వైపు చూపించాడు. చలికాలంలో పశువుల్ని ఈ రాళ్ళ కొండ మీద మేపడం తమ తాతల నాటి అలవాటనీ, వాటిని పైకి తోలి, గేటు బదులు గోడలో ఆ గండిని రాళ్ళతో మూసేస్తారనీ, నిన్ననే ఈ కుంటికాలితో రోజంతా కష్టపడి మూశాననీ చెప్పాడు. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఇండియా వాడివి కదా, ఆవులు తెలుసుండాలి" అన్నాడు. తెలుసన్నాను. (అంత జరిగాక కూడా.) అయితే రోడ్డుకు అడ్డంగా చేతులు చాపి నిలబడు, ఏమైనా సరే కదలకు అన్నాడు. నిలబడ్డాను. అన్నిటికన్నా పెద్ద ఆవు నా మీదికి నడిచొచ్చింది. రెండడుగుల దూరంలో ఆగి ముక్కుతో ఒక్కసారి బుస్సుమంది. నేను మర్యాదగా పక్కకు జరిగి దారిచ్చాను. ఏం చేయను, మా వైపు బజార్లలో ఆవు ఎదురొస్తే చేసే పని అదే. అది నన్ను దాటుకుని వంపు తిరిగి కనబడకుండా పోయింది. ముసలాయన నన్ను చూసిన చూపు మాటల్లోకి రాదు. జీపులోంచి బకెట్టు తీసి, అందులో దాణా గలగలలాడించాడు. మిగతా ఆరూ బడిగంట విన్న పిల్లల్లా తిరిగి ఆయన వెనక నడిచాయి. అంత తేలికైన పని ఉండగా నన్నెందుకు నిలబెట్టాడో ఇప్పటికీ తెలియదు. ఆవు నాకు తెలుసో లేదో చూద్దామనుకున్నాడేమో.

పారిపోయిన పెద్దావు నిండు చూలుతో ఉందట. అది వినేసరికి వీసా సంగతి మరిచిపోయాను. వంపు దాటి, ఊపిరందక, కనిపించిన ప్రతి చీలికలోకీ తొంగిచూస్తూ పరుగెత్తాను. ఆ చీలికల్లో కాలు ఇరుక్కుంటే పశువు లేవదని ముసలాయన అన్న మాటే చెవుల్లో మోగుతోంది. చివరికి సమాధి దగ్గర కార్లు నిలిపే చోట కనిపించింది. చుట్టూ పర్యాటకులు ఫోటోలు తీస్తున్నారు. రేంజరమ్మ దాని మెడ నిమురుతూ నిలబడి ఉంది. నా బట్టలకు అంటిన రాతిపొడి, నా మొహం చూడగానే ఆవిడకు సగం కథ తెలిసిపోయింది. మిగతా సగం నేను చెప్పాను.

"అనుమానం వస్తే అడగమన్నాను కదా" అంది అదే మెత్తని గొంతుతో.

"అనుమానం రాలేదు మేడం" అన్నాను. నా జీవితంలో నేను చెప్పిన అతి నిజమైన మాట అది.

ఆవును ముసలాయన బకెట్టుతో వచ్చి తీసుకెళ్ళాడు. ఇక గండి మూయాలి. ముసలాయన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు, బావగారు గండికి అడ్డంగా నిలబడ్డాడు. ఆశ్చర్యం, ఒక్క ఆవు కూడా అతన్ని దాటలేదు. నేను మధ్యాహ్నం అంత శ్రద్ధగా చెల్లాచెదురు చేసిన రాళ్ళన్నిటినీ ఒక్కొక్కటే వెతికి మోసుకొచ్చాను. ఒకసారి కట్టాను, పడింది. మళ్ళీ కట్టాను, నా కాలి మీదే పడింది. అప్పుడు ముసలాయన నోరు విప్పాడు. రాయిని ఒకసారి చేతిలోకి తీసుకున్నాక కింద పెట్టకూడదట, పట్టుకునే దాని చోటు వెతకాలట. నాకు నచ్చిన చోట కాదు, దానికి నప్పిన చోట. సందుల్లోంచి వెలుతురు కనిపించినా పరవాలేదు, ఈ తీరపు గాలి వాటిలోంచే పోవాలి. చేతులు బొబ్బలెక్కాయి. పొద్దు వాలే వేళకు చివరి రాయి కూర్చుంది. ముసలాయన కుంటుకుంటూ వచ్చి, అరచేత్తో గోడను ఒక్క తోపు తోశాడు. నిలిచింది. "గ్రాండ్" అని ఫ్లాస్కు మూతలో ఇంత టీ పోసి నా చేతికిచ్చాడు. ఆ మాట నేను రోజుకు యాభైసార్లు అనేవాణ్ణి. మొదటిసారిగా ఇంకొకరు నాతో అన్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలి వల్లనని బావగారికి చెప్పాను. "అవునండీ, గాలి బాగా ఉందండీ" అన్నాడతను.

సిటీవెస్ట్‌కు తిరిగొచ్చాక మాత్రం కథ మెల్లమెల్లగా మారింది. ఆవులు వెనక్కి తగ్గాయి, గోడ ముందుకొచ్చింది. క్రిస్మస్ నాటికి నేను బరెన్‌లో ఒక వారసత్వ కట్టడాన్ని పునరుద్ధరించినవాణ్ణయ్యాను. బావగారు పక్కనే ఉండి విని, చిరునవ్వు నవ్వి ఊరుకునేవాడు. ఆ కథ అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్నది కిల్కెన్నీ అనే ఊళ్ళో ఆస్పత్రిలో పనిచేసే హైదరాబాదు అమ్మాయి. ఆవిడ మెప్పుకోసం నేను ఎన్ని రాళ్ళైనా మోసే రోజులవి. ఆ గోడ చూపిస్తానని మే నెలలో పట్టుబట్టి తీసుకెళ్ళాను. రాళ్ళ సందుల్లో నీలంరంగు పూలు విచ్చి, ఆ ఎడారి ఎడారిలా లేదు. కారు దిగి, ఆవిడను ముందు నడిపించుకుంటూ, ఊపిరి బిగబట్టి ఆ చోటికి వెళ్ళాను.

గోడ లేదు. గండి నోరు తెరుచుకుని ఉంది. రాళ్ళన్నీ రెండు పక్కలా గడ్డిలో పడి ఉన్నాయి. ఏ దుర్మార్గుడు పడగొట్టాడోనని నేను మండిపడుతుంటే, అవతలి పొలంలోంచి ముసలాయన ఊతకర్ర ఊపి, దగ్గరికొచ్చి చెప్పాడు. పశువుల్ని ఏప్రిల్‌లో కిందికి దింపేస్తారు కదా, అప్పుడు గండి తీసేస్తారు. ఏటా తీస్తారు, ఏటా మళ్ళీ కడతారు. నేను కట్టినదాన్ని ఆయనే తీశాడట, పది నిమిషాలు పట్టిందట. ఎండలో ఆవిడకు కనిపించకుండా మొహం ఎటు తిప్పుకోవాలో నాకు తెలియలేదు.

ఆవిడ ఆ రాళ్ళను కాసేపు చూసింది. నవ్వలేదు. "మరి ఇందులో నువ్వు పెట్టిన రాయేది?" అని అడిగింది.

క్షణం కూడా తడుముకోకుండా ఒకదాన్ని చూపించాను. ఆవిడ వెళ్ళి, దుమ్ము దులిపి, దాని మీదే కూర్చుని, తెచ్చిన సమోసా పొట్లం విప్పి, పక్కన నాకు చోటిచ్చింది. ఇప్పుడు మేమిద్దరం నేవన్ అనే ఊళ్ళో కాపురముంటున్నాం. ఆ రాయి నేను పెట్టింది కాకపోవచ్చని ఆవిడకు ఈనాటికీ చెప్పలేదు. ఆవిడకు అప్పుడే తెలుసేమోనని ఈ మధ్య అనిపిస్తోంది.