అరిచి చెప్పలేని కబుర్లు

మా ఆయన చెవులు మందగించాయని నాకు తెలిసింది డాక్టరు దగ్గర కాదు, గుడివాడలో ఒక సినిమా హాల్లో. మా చర్చి వాళ్ళు సినిమాలకు వెళ్ళకూడదు. అందుకని ఆ సంగతి నాకెలా తెలిసిందో చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

మాది చల్లపల్లి దగ్గర ఒక పల్లె. ఆయన పగలు చల్లపల్లిలో బట్టల కొట్టులో పనిచేసేవారు. ఆదివారం వస్తే చర్చిలో తబలా. కోతలైపోయిన చేలల్లో పందిళ్ళు వేసి సువార్త సభలు పెట్టే రోజుల్లో దివిసీమలో ఏ మూల నుంచైనా ఆయనకే కబురొచ్చేది. సభలంటే మనిషెత్తు సౌండు బాక్సులు. జనానికి అడ్డం లేకుండా వాద్యాలవాళ్ళని వేదిక పక్కకు నెట్టి, ఆ బాక్సుల దగ్గరే కూర్చోబెట్టేవారు. మా పెళ్ళి నాటికే ఆయన ఎడమ చెవి ఆ బాక్సు మూతి దగ్గరుండేది. అదొక గౌరవమనే అనుకున్నాం ఇద్దరం.

నేను ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేదాన్ని. మాకు పిల్లల్లేరు. జాకెట్లు కుట్టే ఇంటికి వచ్చినన్ని కబుర్లు పోస్టాఫీసుకు కూడా రావు. కొలతలివ్వడానికొచ్చిన ఆడది కొలతలిచ్చి ఊరుకోదు కదా. ఎవరి కోడలు అలిగింది, ఎవరి గేదె ఈనింది, ఏ అన్నదమ్ములు మాటలు మానేశారు, అన్నీ మిషను పక్కన కూర్చుని చెప్పి పోయేది. అవన్నీ మూటగట్టి ఉంచి, సాయంత్రం ఆయన కొట్టు నుంచి రాగానే విప్పేదాన్ని. కొంచెం ఉప్పూకారం కూడా వేసేదాన్నిలెండి. ఆయన కాళ్ళు కడుక్కుంటూనే నవ్వేవారు. నాకు రోజు మొత్తంలో బాగుండేది ఆ కాసేపే.

రానురాను ఆ నవ్వు తగ్గింది. నేను మంచి ఊపులో ఉండి చెబుతుంటే, "అది సరేగానీ, రేపు వడ్లు మరకి వెయ్యాలా?" అనేవారు. పరధ్యానమనుకున్నాను. నిజం చెప్పాలంటే, నేనంటే మొహం మొత్తిందనుకున్నాను. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అని గిన్నెలు ఠపీమని పెట్టేదాన్ని. ఆయన తల కూడా ఎత్తేవారు కాదు. దాంతో ఇంకా మండేది.

అలాంటి రోజుల్లో కొట్లో ఎవరో చెప్పారట, గుడివాడలో ఒక డబ్బింగ్ సినిమా ఆడుతోందని, సన్నాయి వాయించేవాడి కథని, ఫైట్లూ అవీ ఉండవని. "వాద్యగాడి కథటే, చూడాలి" అన్నారు. దగ్గర్లో హాళ్ళకైతే ఎవరో ఒకరి కంట పడతామని గుడివాడ దాకా బయల్దేరాం. పామర్రులో బస్సు దిగి ఇంకో బస్సు కోసం నిలబడితే నేను కొంగు నెత్తిన కప్పుకున్నాను. "దొంగతనానికి వెళ్తున్నామా ఏంటే" అని ఆయన పెద్దగా నవ్వారు. సెంటర్లో అందరూ తిరిగి చూశారు. అంత పెద్దగా మాట్లాడుతున్నారేమిటా అని అప్పుడైనా నాకు తట్టలేదు.

మాట్నీ. సగం హాలు నిండింది. సినిమాలో సన్నాయి అతనికి పేరొస్తుంది, ఊరేగింపులొస్తాయి, తర్వాత చెవులు దెబ్బతింటాయి. అక్కడ ఆ తీసినవాళ్ళు ఒక పని చేశారు. అతనికెలా వినబడుతుందో మనకీ అలాగే వినిపించారు. మాటలు దుప్పట్లోంచి వస్తున్నట్టయిపోయాయి. సన్నాయి మూతికి పెట్టుకున్నాడు, బుగ్గలు ఉబ్బాయి, పాట మాత్రం పక్క వీధిలో ఎక్కడో మోగినట్టుంది.

హాలు ఊరుకుంటుందా? "రేయ్ ఆపరేటర్! సౌండ్!" అని లేచారు. ఈలలు. కుర్చీల మీద దరువులు. అది కథలో భాగమని ఒక్కరికీ తెలియలేదు. నేను కూడా సినిమా మిషను చెడిందనే అనుకున్నాను. పక్కకి తిరిగి చూస్తే మా ఆయన తెర వంకే చూస్తున్నారు, కళ్ళు తడిగా.

"ఏంటే వీళ్ళ గోల? కూర్చోమను" అన్నారు.

"సౌండు పోయింది కదండీ" అన్నాను చెవి దగ్గర.

"ఎక్కడ పోయింది? బాగానే వినబడుతోందిగా."

ఈలోగా ఆపరేటరు, పాపం, జనం తిట్లు భరించలేక సౌండు బాగా పెంచేసినట్టున్నాడు. అప్పుడే కథ మారి అతని భార్య మాటలూ, వీధిలో మేళమూ మామూలుగా వచ్చేసరికి హాలు దద్దరిల్లిపోయింది. చంటిపిల్లలు కేరుమన్నారు. అందరం చెవులు మూసుకున్నాం. ఆయనొక్కరే ముందుకు వంగి, నా చెయ్యి మీద తట్టి, "ఇదిగో, ఇప్పుడు ఇంకా బాగుంది" అన్నారు.

తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నేనంటే మొహం మొత్తలేదన్నమాట. నా మాటలు చేరడం లేదు, అంతే. ఆ సంగతికి సంతోషించాలో ఏడవాలో తెలియక ఏడ్చాను. ఆ శంఖం సామెత మళ్ళీ నా నోట రాలేదు.

ఆ వారమే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, చర్చిలో ఆయన పక్కనుండే బాక్సు కాస్త అవతలికి జరిపించమని అడిగాను.

"అక్కడుంటేనే కదమ్మా, వెనకోళ్ళకి వినబడుద్ది. అయినా అతనికేమైంది? రాయిలా ఉన్నాడు."

"చెవులు తగ్గుతున్నాయండీ."

"నీకెవరు చెప్పారు?"

సినిమా హాలు చెప్పిందని ఎలా అంటాను? "ఇంట్లో తెలుస్తుంది కదండీ" అన్నాను. అదీ అబద్ధం కాదు. ప్రార్థన చేద్దామన్నారు, చేశారు. బాక్సు ఉన్నచోటే ఉంది.

ఆయనకి చెబితే ఒప్పుకోలేదు. నేనే గొణుగుతున్నానన్నారు. దాంతో ఇంట్లో నేను అరవడం మొదలుపెట్టాను. అన్నానికి రండని అరిచాను, గ్యాసు అయిపోయిందని అరిచాను. పనికొచ్చే మాటలన్నీ అరిచి చెప్పొచ్చు. కబుర్లు మాత్రం అరిచి చెప్పలేం. ఫలానావాళ్ళ కోడలు అలిగిందని వీధివీధంతా వినేలా అరిస్తే అది కబురెలా అవుతుంది, తగువవుతుంది గానీ. బెంగగా ఉందని అరవగలమా? ఒకటీ అరా ప్రయత్నించాను. సగంలో సిగ్గేసి ఆపేశాను. ఒకే ఇంట్లో ఉంటూ, ఎవరూ లేనిదానిలా తిరిగాను.

చివరికి ఆయన్ని కదిలించింది నేను కాదు, తబలానే. చిన్న తబలా శ్రుతి కలవడం లేదని హార్మోనియం వాయించే ఆయన ఒక ఆదివారం అందరి ముందూ పాట ఆపేశారు. ఈయన సుత్తితో కొట్టి, చెవి వంచి విని, మళ్ళీ కొట్టి, సుత్తి కింద పెట్టేశారు. మర్నాడు తనే, "బందరు వెళ్దాం పద" అన్నారు.

బందరులో చెవుల డాక్టరు అన్నీ పరీక్ష చేశారు. "పోయింది తిరిగి రాదండీ. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ముఖ్యంగా కుడి చెవి" అన్నారు. బాక్సులకి దూరంగా ఉండమన్నారు. సభలు మానుకుంటే మంచిదన్నారు. దూది పెట్టుకుంటానంటే, దూది చాలదని, చెవిలో నొక్కి పెట్టుకునే మెత్తటి బిరడాలు ఒక జత ఇచ్చారు. ఆయన వాటిని జేబులో వేసుకున్నారు గానీ మొహం గంటు పెట్టుకున్నారు.

చల్లపల్లి బస్సు కిటకిటలాడుతోంది. నాకు ముందు ఆడవాళ్ళ సీటు దొరికింది. ఆయన వెనక ఎక్కడో నిలబడ్డారు. ఆయన పక్కనే, ఖాళీ తట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని చేపలమ్మే ముసలావిడ ఒకామె కూర్చుంది. బస్సు ఊరు దాటాక ఆయన అక్కణ్ణుంచే మొదలుపెట్టారు. తన గొంతు ఎంత పెద్దదో తనకి తెలియదు.

"చెవుల్లో బిరడాలు పెట్టుకుని దేవుడి పాట వాయించాలా? సభలు మానుకోవాలా? వాయించకపోతే ఇంక ఈ చెవులు దేనికే? ఈ మిగిలింది దేనికోసం దాచుకోమంటావు?"

బస్సంతా నా వైపు చూసింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా ఎన్నాళ్ళనుంచో లోపలున్న మాట, ఆగలేదు.

"నా మాట వినడానికి!" అని అరిచాను.

కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపాడు. బస్సులో అందరికీ వినబడింది.

"ఆఁ? ఏంటీ?" అన్నారు ఆయన.

ముసలావిడ ఆయన చొక్కా పట్టి కిందికి లాగి, చెవిలో నోరు పెట్టి అరిచింది. "నీ పెళ్ళాం మాట యినడానికంటయ్యా! యినబడిందా?"

బస్సు గొల్లుమంది. ఆయన నవ్వలేదు.

ఆ ఆదివారం ఆయన తబలాలు తీసుకుని బాక్సుకి దూరంగా అవతలి గోడవారగా వెళ్ళి కూర్చున్నారు. అందరూ చూస్తుండగానే జేబులోంచి బిరడాలు తీసి పెట్టుకున్నారు. సభలకి ఎవరొచ్చి పిలిచినా రానన్నారు. అవతల చేలల్లో పందిరి పడిన సాయంత్రాలు వాకిట్లో కూర్చునేవారు. పాట వినబడేది నాకు. ఆయన దూరంగా కనబడే లైట్లు చూస్తూ తొడ మీద వేళ్ళు ఆడించుకునేవారు. ఆ వేళ్ళు చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

కొన్నాళ్ళకి మళ్ళీ బందరు వెళ్తే, చెవులు ఇంక దిగజారలేదన్నారు డాక్టరు. చప్పుడు లేని గదిలో, దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడితే కుడి చెవికి అందుతుందన్నారు.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తుంటే ఆయన లేచి తలుపు వేశారు. ఫ్యాను ఆపేశారు. పీట నా దగ్గరికి జరుపుకుని, కుడి చెవి నా వైపు తిప్పి కూర్చున్నారు.

"చెప్పు" అన్నారు.

"ఏం చెప్పను?"

"ఏదో ఒకటి. ఇదివరకు చెప్పేదానివిగా."

ఆ రోజు కూడా జాకెట్లకి ఆడవాళ్ళొచ్చారు. మిషను పక్కన కూర్చుని ఏవేవో చెప్పుకున్నారు. తలూపుతూ కుట్టుకున్నానే గానీ, ఒక్క మాటా నాలో నిలవలేదు. చెప్పుకునే మనిషి లేడనుకుని వినడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. ఆయన ఉక్కలో చెమటలు కారుస్తూ, నా పెదాల వంక చూస్తూ కూర్చునే ఉన్నారు.

"కూర చల్లారిపోతోంది, తినండి" అన్నాను.

అదీ అరిచే అన్నాను.