టైర్లు కొట్టే ఓనరుగారు

సాలూరు చరిత్ర రాయబూనే పండితుడెవరైనా రాజుల సంగతి, రైలుబస్సు సంగతి ముగించాక, ఒక అధ్యాయం గిరిబాబు చేతికర్రకు కేటాయించక తప్పదు. రోజూ తెల్లవారగానే ఆయన రోడ్డు వార వరసగా నిలిపిన లారీల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క టైరునూ ఆ కర్రతో కొట్టి, తల పక్కకు వంచి చప్పుడు వినేవాడు. గాలి నిండుగా ఉన్న టైరు ఠంగుమంటుంది, తగ్గినది బొద్దుమంటుంది. ప్రభుత్వాలు మారాయి. సాలూరే ఒక జిల్లాలోంచి లేచి ఇంకో జిల్లాలోకి వెళ్ళి కూర్చుంది. తనిఖీ మాత్రం ఆగలేదు.

ఇందులో చిక్కొక్కటే. ఆ లారీల్లో ఏదీ ఆయనది కాదు. ఆయన లారీలకు సరుకు కుదిర్చే బుకింగ్ ఆఫీసులో గుమస్తా.

ఆ కర్ర ఆయన తండ్రి ఎర్రన్నది. ఎర్రన్న పుట్టింది దేనికోగాని, బతికినంతకాలం లారీ క్లీనరుగానే బతికాడు. పోయేముందు కొడుకును పిలిచి కర్ర చేతిలో పెట్టి, "ఒరే, నీ బండి టైర్లు నువ్వే కొట్టుకోవాల" అన్నాడు. వేరే వంశాల్లో ఇలాంటి ఘట్టాల్లో ఖడ్గాలు ఇస్తారు. సాలూరులో మగపిల్లాడు పుడితే ఓనరవుతాడా, డ్రైవరవుతాడా అని అడుగుతారు గాని, అసలు లారీ కావాలా అని అడిగే ఆచారం లేదు. గిరిబాబునూ ఎవరూ అడగలేదు. ఆయనా తనను తాను అడుక్కోలేదు. "ఓనరుగారూ, టీ సల్లారిపోతన్నాది" అని టీకొట్టు దేముడమ్మ పిలిస్తే పలికేవాడు. ఊళ్ళు పోయినా రాజాలుగా చెలామణీ అయినవారు ఈ ప్రాంతంలో లేకపోలేదు గనక, లారీ లేని ఓనరును ఎవరూ వింతగా చూడలేదు.

పైగా బస్సెక్కితే ఆయనకు కడుపులో తిప్పేది. సొంత బండి అయితే తిప్పదని ఆయన సిద్ధాంతం. దాన్ని పరీక్షించే అగత్యం చాలాకాలం రాలేదు.

వచ్చింది. భార్య దుర్గాభవాని అన్న నరసింగరావుకు మోకాళ్ళు అరిగిపోయి, తన పది టైర్ల లారీ అమ్మేస్తానన్నాడు. దుర్గాభవానికి కొండకింద తల్లి ఇచ్చిన మెట్టపొలం చెక్క ఉంది. చోళ్ళు, కందులు పండేవి. వారానికోసారి అక్కడికి వెళ్ళి, కాళ్ళనిండా మన్నుతో, ముఖంనిండా నవ్వుతో తిరిగొచ్చేది. తక్కిన రోజుల్లో ఆ నవ్వు ఆ ఇంట్లో కనబడేది కాదు. ఆ చెక్క అమ్మితే లారీ వస్తుందని మొదట అన్నది ఆవిడే.

గిరిబాబుకు వద్దనడానికి నోరు రాలేదు. తండ్రి మాట, ఊరి మాట, టీకొట్టు బిరుదు, అన్నీ అడ్డంపడ్డాయి. "సూద్దాం" అన్నాడు. నెలంతా "సూద్దాం" అంటూనే వచ్చాడు.

ఒక సోమవారం పొద్దున్న నరసింగరావు లారీ తెచ్చి గుమ్మంలో ఆపాడు.

"ఎక్కు బావా. ఓనరువి, కింద నిలబడిపోతే ఎలాగ? ఘాటీ దాకా వెళ్ళొద్దాం."

గిరిబాబు కర్ర పట్టుకుని ఎక్కాడు. ఒరిస్సా వైపు కొండ ఎక్కడం మొదలైంది. మూడో మలుపులో సిద్ధాంతం కూలిపోయింది. నరసింగరావు బండి వారగా ఆపాడు. గిరిబాబు కొండకు చెందవలసింది కొండకు సమర్పించి, నోరు కడుక్కుని, రోడ్డు పక్క గట్టుమీద కూర్చున్నాడు. ఎదురుగా ముందు టైరు. చెయ్యి దానంతటదే లేచి కొట్టింది. ఠంగుమంది. తనది కాబోయే టైరు. చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు.

"బావా, నాకు లారీ వద్దు."

"కడుపు తిప్పిందనా? నిమ్మకాయుంది, వాసన సూడు. తగ్గిపోతాది."

"కడుపు కాదు. నాకెప్పుడూ అక్కర్లేదు. అది మా అయ్య కోరిక. ఆయన పోయినాక ఎవలికి అప్పగించాలో తెలీక నేను మోస్తన్నాను."

"మరి పొద్దు పొద్దున్నే ఊరోళ్ళ టైర్లన్నీ ఎందుకు కొడతన్నావు?"

"అలవాటు."

నరసింగరావు శుభ్రంగానే ఉన్న అద్దాన్ని తువ్వాలుతో తుడిచాడు. "మా సెల్లికి సెప్పు" అన్నాడు చివరికి.

బండి తిప్పేలోగా గిరిబాబు కర్రను లోయలోకి విసిరేశాడు. సింహాసనాలు వదిలిన మహనీయులకు కూడా అంత తేలిక కలిగిందో లేదో. దారంతా నిమ్మకాయ వాసన చూస్తూ, భార్యకు చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాడు. ఇంటిదగ్గర నరసింగరావు లారీ ఆపి, తాళం అరుగుమీద పెట్టి, కుంటుకుంటూ నడిచి వెళ్ళిపోయాడు. అదెందుకో గిరిబాబుకు తట్టలేదు.

దుర్గాభవాని గుమ్మంలో చేటతో చోళ్ళు చెరుగుతోంది.

"నాకు లారీ వద్దు" అన్నాడాయన. కూర్చుకున్న మాటల్లో అదొక్కటే మిగిలింది.

చేట ఆగింది. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి సెప్పలేదేటి?"

"అడగలేదు గదా ఎవలూ."

"అడగాలేటి? రోజూ ఆ కర్రట్టుకొని ఎల్లి, ఊరోళ్ళ బళ్ళన్నీ కొట్టొచ్చి, ఈ అరుగు మీద మాటాడకుండా కూకునేవోడివి. పాపం, ఈ మనిషికి బండి లేదు గదాని నాకు ముద్ద దిగేది కాదు."

గిరిబాబు ఆవిడ పక్కన కూర్చున్నాడు. అగ్రహారం దానం చేసే ప్రభువు ధోరణిలో, "నీ పొలం నువ్వు ఉంచీసుకో. అమ్మక్కర్లేదు" అన్నాడు.

దుర్గాభవాని చెరిగిన చోళ్ళు డబ్బాలో పోసింది. చేట అంచుకు అంటుకున్న గింజలు కూడా వేలితో రాల్చింది. డబ్బా సగం కూడా నిండలేదు.

"బండి తోలుకొచ్చినాక సెప్దామని ఊరుకున్నాం" అంది.

పొలం శుక్రవారమే రిజిస్ట్రేషనయింది. ఆదివారం కొన్నవాళ్ళు చుట్టూ సిమెంటు స్తంభాలు పాతించారు.