వెనక్కి పోనివ్వని పరీక్ష

మైత్రీవనం పక్క సందులో, నా ఇడ్లీ బండి ముందు నిరోష గెలిచిన పోట్లాట ఒకటుంది. ఎదుటివాడు కమలాకర్ సార్. బండి ఎదురు మేడ మీద నిరోష చదివే నెట్‌వర్కింగ్ కోచింగ్ సెంటర్ ఆయనదే. చేతిలో నేను వేసిన దోసె.

"సార్, అందరిని రూటర్ ముట్టనిస్తమని పాంప్లెట్ల రాసిండ్రు. అదేమో అద్దాల బీరువాల ఉన్నది. తాళంచెవి ఏది?"

రూటరంటే కంప్యూటర్ల మధ్య కబుర్లు మోసే పెట్టె అట. సారు నమలడం ఆపలేదు. "ఇంటి దగ్గర మర్చిపోయానమ్మా."

పిల్ల వాదించలేదు. ఆదివారం క్లాసుందా అని అడిగింది. ఉందన్నాడు. ఫ్యాన్లెందుకు తిరగవంది. బాగుచేయిస్తానన్నాడు. ఇక వదిలిందనుకుని ఇంకాస్త చట్నీ వేయించుకున్నాడు.

"మంచిది సార్. ఇగ మొదటి మాటకొద్దాం. తాళంచెవి ఏది?"

"అంతమంది ముట్టుకుంటే పాడైపోదా?"

"పాడైతే అప్పుడు మాట్లాడుదం. తాళంచెవి?"

చుట్టూ ప్లేట్లు పట్టుకున్న పిల్లలంతా తినడం మానేశారు. ఇంట్లో మర్చిపోయిన తాళంచెవి ప్యాంటు జేబులోంచి వచ్చింది.

అదీ దాని పద్ధతి. కొరుకుడు పడనిదాన్ని పక్కన పెట్టి, మిగతావి తేల్చుకుని, ఆఖర్న వెనక్కొచ్చి పీక పట్టుకుంటుంది.

సిరిసిల్ల మగ్గాల ఇంటి పిల్ల. బోరబండలో మరో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి గది. పంజాగుట్టలో ఒక ఆఫీసులో కాంట్రాక్టు పని. బల్లల కింద దూరి వైర్లు గుచ్చడం, పాడైన మౌసులు మార్చడం. అక్కడి మగపిల్లలు దాన్ని 'వైరమ్మా' అని పిలిచేవారట. పేరు పెట్టి పిలవడానికి వాళ్ల నోళ్లకేం రోగమో నాకు తెలియదు. సీసీఎన్ఏ అనే సర్టిఫికెట్ తెస్తే నెట్‌వర్క్ టీంలో వేసుకుంటానని మేనేజరు రామ్మోహనరావు మాటిచ్చాడు. బల్లల కింద నుంచి లేచి కుర్చీలో కూర్చోవాలంటే ఆ కాగితమొక్కటే దారి.

పరీక్ష రాసి తిన్నగా నా దగ్గరికే వచ్చింది. ఇడ్లీ పెడితే ముట్టలేదు.

"పోయింది అమ్మమ్మా."

"చదివావు కదే. ఎలా పోయింది?"

"గట్టి ప్రశ్నలు జర ఆగి చేద్దామని ఇడిసిపెట్టి ముందుకు పోయిన. ఆఖర్న వెనక్కి పోదామంటే తొవ్వే లేదు. ఒక్కసారి దాటినంక గా ప్రశ్న మల్ల రాదట."

"ఆ ముక్క ముందు చెప్పి చావలేదా?"

"మొదట్ల కంప్యూటర్ మీద ఇంగ్లీషుల రాసి ఉండె. తొందరల చదవకుంటనే నొక్కిన. అది నా తప్పే. కని సారు సుత, తెలిసినవి ముందుగాల చెయ్యిండ్రి, గట్టివి ఆఖర్కి ఉంచుండ్రి అన్నడు."

నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే సారు దోసెకొచ్చాడు. పెనం మీద పిండి వేయకుండా గరిటె పట్టుకుని నిలబడ్డాను.

"సార్, ఆ పరీక్ష మీరెప్పుడైనా రాశారా?"

"నేను నేర్పేవాణ్ణి కదండీ దుర్గాంబగారూ."

"రాశారా, లేదా?"

చెప్పులకేసి చూసుకున్నాడు. "వీలు కాలేదండి."

"నేను రెండో తరగతి దాటలేదు. అయినా నేను నోట పెట్టని పచ్చడి ఎవరికీ వడ్డించను. మీరేమో రాయని పరీక్షకు ఊరందరికీ ఉపాయాలు చెబుతున్నారు. ఇవాళ దోసె లేదు, వెళ్లండి."

"మిగతావాళ్లు పాసయ్యారు. ఆ అమ్మాయి ఒక్కతే..."

"ఆ అమ్మాయి ఒక్కతే మీ మాట నమ్మింది."

ఆ రోజు నుంచీ ఆయన పక్క బండికి పోతున్నాడు. పోనీ. వాడి సాంబారు తాగితే తెలుస్తుంది.

మేనేజరు ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. అది కూడా పోతే ఆ సీటు వేరేవాళ్లకట. వారం తిరక్కుండా నిరోష ఒక జిరాక్సు కాగితాల కట్టతో వచ్చింది. కాగితానికొక ప్రశ్న. ముఖం గంటు పెట్టుకుని ఉంది.

"సారుతోని లొల్లి పెట్టుకున్నవంట."

"పెట్టుకున్నాను. నీకేం నొప్పి?"

"నాకేం లేదు. నేను పెట్టుకుందామనుకున్న, నువ్వు నా కన్న ముందే పెట్టుకున్నవ్." కట్ట నా పిండి గిన్నె పక్కన పెట్టింది. "చదువు వచ్చు అమ్మమ్మా. అలవాటే పోతలేదు. చెయ్యి ఊకె వెనక్కే పోతున్నది. రూంల పోరిలను కూసోబెట్టి ప్రశ్నలు చూపియ్యమంటే, నా మొఖం చూసి జాలిపడి దాటిన కాయిదం మల్ల ఇస్తున్నరు."

"అయితే నన్నేం చేయమంటావు? నాకు ఇంగ్లీషు అక్షరం రాదే."

"రావద్దు. నాది తప్పో ఒప్పో తెల్వకుంటే నీకు జాలి రాదు, గందుకే నీ దగ్గరికొచ్చిన. ఒక్కొక్క కాయిదం నా ముందట పెట్టు. నేను జవాబు చెప్పినా, చెప్పకున్నా, జర సేపు చూసి గుంజుకో. దాని మీద వడలు పెట్టి ఎవరికన్న కట్టిచ్చెయ్. నేను ఏడ్చినా మల్ల ఇయ్యకు."