రాతి తోరణం అవతల

యుద్ధం రోజుల్లో బందరు నుంచి బెంగుళూరు వచ్చి, ఒక మిలిటరీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. నగర్తపేటలో అద్దె గది. ఆఫీసులో నన్ను అందరూ ‘గుమాస్తా’ అనేవారు, ఇంటివాళ్ళు ‘మేడమీదాయన’ అనేవారు.

ఒక ఆదివారం ఏమీ తోచక, ఊరికి దూరంగా అడవిలో ఉందన్న రాతి తోరణం చూద్దామని ఒంటరిగా బయలుదేరాను. కాలిబాట చివర కొండరాయి దానంతటదే అరిగి, ద్వారంలా వంపు తిరిగి ఉంది. అందులోంచి దాటబోతుంటే, కట్టెలు ఏరుకుంటున్న ఒక ముసలామె కేక వేసింది.

“ఉండప్పా! ఒక్కరే దూరకూడదు. మనోళ్ళెవరన్నా ఆ పక్క నిలబడి పేరు పెట్టి పిలవాల. అప్పుడే దాటాల. మా ఊళ్ళో అదే పద్ధతి.”

“నాకిక్కడ ఎవరూ లేరమ్మా.”

“నేనుండాను కదప్పా. ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు?”

“సూరి” అన్నాను. ఆ పేరు నా చెవిన పడి ఏడాది దాటింది.

ఆమె కట్టెలమోపు దించి, బండ చుట్టూ తిరిగి అవతలికి పోయింది.

“ఓ సూరీ! రాప్పా!”

అడుగు వేయబోయి ఆగాను. వినబడనట్టే నిలబడ్డాను.

ఆమె మళ్ళీ పిలిచింది.