నల్లా కారుతోందని సముద్రానికి రాశాను

వాన పడితే మల్కాజ్‌గిరిలో మా వరండాకు కట్టిన కొబ్బరి తాడు తడిసి ఒక వాసన వేస్తుంది. చుట్టుపక్కల ఎక్కడా సముద్రం లేదు. అయినా ఆ వాసనకు ఇల్లు మెల్లగా ఊగినట్టుంటుంది. మల్లెలు కడుతున్న నా చేతులు ఆగిపోతాయి. పక్క వాటాలో సరంగు తాత దగ్గినట్టు వినిపిస్తుంది. తాత ఇప్పుడు లేడు.

ఆయనది కాకినాడ వైపు. సరుకు ఓడల మీద సరంగుగా, అంటే లంగరు, తాళ్లు చూసుకునే మనుషులకు పెద్దగా, జీవితమంతా గడిపాడు. రైల్వేలో పనిచేసే కూతురి దగ్గర ఉందామని సికింద్రాబాద్ వచ్చాడు. మధ్యాహ్నం పూట కళ్లు మూసుకుని, "రైలు కూతేస్తే రేవుకొచ్చేసినట్టుంటాదమ్మాయ్" అనేవాడు. అలా అంటూనే నిద్రలోకి జారిపోయేవాడు.

మా ఆయన లాలాగూడలో ఫిట్టరు పని నేర్చుకుని ఓడ ఇంజన్ గదిలో పనికి చేరాడు. కరోనా వచ్చిన ఏడు, ఆయన ఇంటికి రావలసిన వేళకు ఏ రేవూ మనుషులను దిగనివ్వలేదు. సరుకు దించుకునేవారు, తెచ్చినవాళ్లను మాత్రం ఓడలోనే ఉండమనేవారు. అక్కడ నెట్ సన్నం. గొంతు పంపితే చేరదు, అక్షరాలైతే ఎలాగో చేరతాయి. నాకు అక్షరాలు రావు. మేడ మీది ఓనరమ్మ చదివి పెట్టేది. ఒకరోజు ఆమె చదువుతూ చదువుతూ ఆగింది. అన్నం తినబుద్ధి కావడం లేదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు అని రాశాడట. ఆ మాట నాకు ఇంకొకరి గొంతులో చేరింది.

ఆ సాయంత్రమే తాత దగ్గరికి వెళ్లాను. "నాకు అక్షరాలు నేర్పు తాతా. ఆయనకు నేనే రాయాలె."

"నీది పలక పట్టిన సెయ్యి కాదు, ముడేసే సెయ్యి. ఇలా కూకో" అన్నాడు. మూల నుంచి తాడు తీసి గచ్చు మీద 'అ' చుట్టాడు. మన అక్షరాలన్నీ గుండ్రనివే. తాడు మెలికల వెంట నా వేలు నడిచేది. ఒక్కో అక్షరం కుదిరాక ఒక్కో రేవు కబురు చెప్పేవాడు. ఏది రేవో ఏది అక్షరమో నాకు కలిసిపోయేది. "నీ పొయ్యిలో గ్యాసు సూడు, అది కూడా ఒకప్పుడు ఓడెక్కి నీళ్ల మీద ఊగిందే. తెచ్చినోడి పేరు ఎవరికీ తెలీదు. ఆడూ సెప్పుకోడు."

చివరకు ఫోనులో నా మొదటి మాటలు నేనే రాశాను. "అందరం మంచిగున్నం. ఫికర్ చేయకు." తాతకు చూపించేలోపే జవాబు వచ్చింది. "నిజం చెప్పు. అమ్మకు ఏమైంది?"

"ఏందీ తాతా, అత్తమ్మ ఇంట్ల మంచిగనే ఉంది. మంచిగున్నమంటే గింత పరేషాన్ అయితుండు?"

తాత నవ్వబోయి ఆగాడు. "మా అమ్మ పోయినప్పుడు నేను నడి సముద్రంలో ఉన్నాను. దిగలేనోడికి సెప్పి ఏం లాభమని ఇంట్లోవోళ్లు 'అందరం కులాసా' అని రాశారు. అమ్మకని సీర పట్టుకుని గుమ్మంలోకెళ్లాను" అన్నాడు. తాడు చివర వేళ్లకు చుట్టుకున్నాడు. "ప్రతి ఓడలోనూ అలాంటోడు ఒకడుంటాడమ్మాయ్. అంతా బాగుందంటే మాకు బయ్యం. సిన్న సిన్న కష్టాలు రాయి, నమ్ముతాడు."

మళ్లీ రాశాను. "నల్లా కారుతుంది. పాలు విరిగినయ్. పప్పుల ఉప్పెక్కువైందని మీ అమ్మ లొల్లి పెట్టింది."

"ఎంత లొల్లి?"

"గల్లీ అంతా వినపడ్డది."

నవ్వే బొమ్మ ఒకటి వచ్చింది. దాని వెనక ఇంకో మాట. "జెర ఆగు, అన్నం తినొస్తా."

రేవులు తెరుచుకున్నాక ఆయన ఇంటికి వచ్చాడు. కొన్నాళ్లుండి మళ్లీ ఓడెక్కాడు. తాత పోయిన రోజు ఆయన ఎక్కడో నీళ్ల మీదే ఉన్నాడు. "ఇప్పుడే చెప్పకమ్మా, అక్కడ ఒక్కడే బాధపడతాడు" అంది తాత కూతురు. నేను ఫోను తీశాను. ఉన్నది ఉన్నట్టే రాశాను. "సరంగు తాత పొద్దున పోయిండు."

"చెప్పి మంచి పని చేసినవ్. ఓడ పైకి పోయి జెరసేపు నిలబడత" అని రాశాడు.

దాచకుండా చెప్పడమే తాత నాకిచ్చిన పెద్ద చదువు. నిన్న అత్తమ్మకు జ్వరం వచ్చింది. వచ్చిందనే రాశాను. మా ఆయన మందు వేశావా అని అడిగి తన పనికి వెళ్లిపోయాడు. నేను రాసినదానికంటే ఎక్కువేమీ జరగలేదని ఆయనకు తెలుసు.