అత్తమ్మ చెప్పగా రాసిన రోజుల పుస్తకం

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు దవాఖానలో అందింది. ఆమె అక్కడ లేదు. అమీర్‌పేటలో మా ఇంట్లో, మంచం మీద ఉంది. నేను బత్తాయిల బుట్ట చంకన పెట్టుకుని ఆడవాళ్ల వార్డులో మంచం మంచానికీ తిరుగుతున్నాను. పక్కింటి దర్జీ అన్న సైకిలు మీద వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఆ వార్డులోకి మగవాళ్లను రానివ్వరు. అక్కణ్నుంచే, "చెల్లె, జర ఇంటికి నడువు," అన్నాడు. కొలత టేపు మెడలోనే ఉంది. అది తీయడం కూడా మరిచి అంత దూరం వచ్చాడంటే సంగతేమిటో నాకు అర్థమైంది.

ఇంకా ఆరు మంచాలు మిగిలి ఉన్నాయి. ఆరింటి దగ్గరా ఆగి పళ్లు ఇచ్చే వచ్చాను. ఒకావిడ చేతిలో పొరపాటున రెండు పెట్టాను. ఒకటి వెనక్కి తీసుకుని పక్క మంచానికి ఇచ్చాను. అంత బాగా గుర్తుంది. ఇంటికి ఎలా చేరానో మాత్రం గుర్తు లేదు.

ఇది జరిగి మూడు వారాలైంది. నాకు ఇంకా ఏడుపు రాలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గాని, లేనిదాన్ని ఉన్నట్టు రాయలేను. మా స్త్రీల సమాజం వాళ్లు ఆమె గురించి నాలుగు మాటలు రాసి ఇమ్మన్నారు. ఆమె పేరు మీద ఇన్నేళ్లు రాసినదాన్ని కదా, నాకు ఇదొక లెక్కా అనుకున్నారు. కలం పట్టుకుని కూచున్నాక తెలిసింది, ఆమె చెప్పకుండా నేను ఒక్క పేజీ కూడా రాసి ఎరగనని.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. వానలు వెనక్కి పట్టి, పంజగుట్ట దారిలో తంగేడు పూసిన దగ్గర్నుంచి మా క్రైస్తవ గుడి ఆడవాళ్లకు ఊపిరి సలపదు. కోత పండుగ, కుట్టుపనుల అమ్మకం, కుష్ఠు రోగులకు రగ్గులు, దవాఖానలో పాలు, రొట్టె, పళ్లు, మధ్యలో ఒకరోజు హుసేన్ సాగర్ కట్ట మీద షికారు. క్రిస్మస్ ముందు ఆఖరి మీటింగులో ఒక్కొక్కరూ ఎక్కడెక్కడికి పోయారో, ఏమేం చేశారో రాసుకున్న పుస్తకం తెచ్చి ఇవ్వాలి. గుడిలో ప్రసంగం చేసే మా అయ్యగారి భార్య, అమ్మగారంటాం, వాటిని అందరి ముందూ గట్టిగా చదువుతారు. మా అత్తమ్మ దాన్ని రోజుల పుస్తకం అనేది.

ఆమెకు రాయడం రాదు. చిన్న వయసులోనే భర్త పోతే సోమాజిగూడలో ఒక బంగళాలో ఆయాగా చేసి కొడుకును పెంచింది. పెద్ద అచ్చు బైబిలు మాత్రం వేలు పెట్టి కూడబలుక్కుని చదివేది. చేతిరాత ఆమెకు చీమల బారు. నేను మిషను బోర్డింగులో ఎనిమిది దాకా చదివినదాన్ని. అందుకని కాపురానికి వచ్చిన ఏడే ఆ పుస్తకం నా ఒళ్లో పడింది. అప్పటికి యుద్ధం ఇంకా రాలేదు.

బయటికి పోయే రోజు ఆమె హడావుడి చూడాలి. తెల్లచీర ముందురోజే మడిచి పరుపు కింద పెట్టేది. టాంగాలో ఎప్పుడూ ముందు, తోలేవాడి పక్కనే కూచునేది. వెనక కూచుంటే అయిపోయిన దారి కనబడుతుంది, రాబోయేది కనబడదట. సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని, గడప మీద కూచుని, "ఓ పిల్లా, పుస్తకం తే," అనేది. నేను చంటిదాన్ని ఒక తొడ మీద, పుస్తకం ఒక తొడ మీద పెట్టుకునేదాన్ని.

"ముందు ఏం పెట్టిండ్రో రాయి."

"ముందు ప్రార్థన ఎవరు చేశారో రాయాలి అత్తమ్మా."

"ప్రార్థన దేవునికి యాదుంటది. కేకు సంగతి మనమే రాసుకోవాలె. పైన చక్కెర చల్లిండ్రు. రాసినవా?"

కోత పండుగకు ప్రతి ఏడూ మా పెరటి సొరకాయ తీసుకుపోయి ఇచ్చేది. మా గుడిలో జనం తెచ్చిన కూరలు, కోళ్లు, జొన్న కంకులు అన్నీ వేలం వేస్తారు. ఆమె తన సొరకాయకు తానే పాట పాడేది. ఎవరైనా తక్కువకు పాడితే సొరకాయకు అవమానమని ఆమె బాధ. చివరికి తనదే తను పాడుకుని, ఇంటికి తెచ్చి, "మస్తు పోటీ ఉండె," అని నా చేత రాయించేది. ఆ సొరకాయ పులుసు మేం మూడు రోజులు తినేవాళ్లం.

ఎవరినీ బీదవాళ్లు అని రాయనిచ్చేది కాదు. "గా ముసలాయనకు రగ్గు లేకుండె. నాకు రెండుండె. గంతే రాయి," అనేది.

ఇవన్నీ ఇప్పుడు చెబుతుంటే బాగానే ఉన్నాయి. అప్పుడు నాకు ఒళ్లు మండేది. ఆమె చూసి వచ్చేది, నేను రాసేదాన్ని. ఏడాదికొకసారి వచ్చే ఆ రెండు నెలల్లో నేను దాటింది మా గడప, గుడి గడప, బావి గట్టు. ఆ ఉక్రోషంలో ఆమె చెప్పని మాటలు కూడా రాయడం మొదలుపెట్టాను. కట్ట మీద గాలి ఎలా వీచిందో, కుట్టుపనుల అమ్మకం జరిగిన బంగళా తోటలో నీడ ఎంత చల్లగా ఉందో. చదివి వినిపిస్తే ఆమె మురిసిపోయేది. "గట్లనే ఉండె! నువ్వు రాలేదు, నీకెట్ల తెలిసె?" అనేది. బోర్డింగులో మాస్టారు కూడా నన్ను అంత మెచ్చుకోలేదు.

ఒక ఏడు, దవాఖానకు పోవాల్సిన రోజు, నాకు చలిజ్వరం. పళ్లు టకటకలాడుతున్నాయి. ఆమె రెండు రగ్గులు కప్పింది. తల దగ్గర నీళ్లు పెట్టింది. పక్కింటి దర్జీ అన్న భార్యను పిలిచి నన్ను చూస్తుండమంది. ఆ తరవాత తెల్లచీర కట్టుకుని వెళ్లిపోయింది. పోకుండా ఉంటుందని నేను చివరి దాకా అనుకున్నాను. టాంగా గంట సందు చివర దాకా వినబడింది.

సాయంత్రం వచ్చి నుదురు చూసి, "తగ్గింది," అంది. కాసేపటికి పుస్తకం ఇచ్చింది. నేను పడుకునే రాశాను. ఆమె వార్డు సంగతి, రొట్టెల సంగతి చెబుతూ పోయింది. నేను ఒక్కటే వాక్యం రాశాను: "ఈ రోజు జ్వరంతో ఉన్న నా కోడల్ని ఇంట్లో వదిలిపెట్టి, జ్వరంతో ఉన్నవాళ్లకు పాలు, రొట్టె ఇచ్చి వచ్చాను."

"చదువు," అంది. ఆమె చెప్పినదంతా, రాయనిదాన్ని, రాసినట్టే చదివాను. తలూపింది.

ఆ పేజీ తరవాత చింపేద్దామనుకున్నాను. జ్వరం పోయింది, కోపమూ పోయింది, సంగతి మరిచిపోయాను. ఆఖరి మీటింగు రోజు పుస్తకం ఆమె చంకలో చూసినప్పుడే గుర్తొచ్చింది. అడిగి తీసుకోవడానికి నోరు రాలేదు. గుడిలో వెనక వరుసలో పిల్లతో కూచున్నాను. అమ్మగారు కేకు సంగతి చదివారు, సొరకాయ సంగతి చదివారు, అందరూ నవ్వారు. ఆ ఊపులోనే ఆ వాక్యం కూడా చదివేశారు. నవ్వులు ఆగిపోయాయి. ఎవరో దగ్గారు. అమ్మగారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

మా అత్తమ్మ లేచి నిలబడింది. వెనక్కి తిరిగి నా వైపు చూడలేదు. "నేనే గట్ల రాయుమన్న," అంది. "పోయిన మాట నిజమే. ఇంక ముందటికి చదువుండ్రి."

ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ తిట్టు ఎప్పుడు పడుతుందా అని చూశాను. బావి దాటాం, దర్జీ అన్న ఇల్లు దాటాం. లోపలికి వచ్చి చెప్పులు విడిచి, "ఆకలైతున్నది, అన్నం పెట్టు," అంది. అంతే. ఆ రోజూ అంతే, ఆ తరవాతా అంతే. క్షమించమనే మాట మా ఇంట్లో ప్రార్థనలో ఉండేది గాని వంటింట్లో ఉండేది కాదు. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ ఉండిపోయాను. యుద్ధం వచ్చింది, పోయింది. నేను అడగలేదు.

ఒకటి మాత్రం మారింది. అప్పట్నుంచి బయటికి పోయే ముందు, చెప్పులు వేసుకుని, మళ్లీ విడిచి లోపలికి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. నాకు జ్వరమూ లేదు ఏమీ లేదు. పొయ్యి ముందు ఉన్నా, బట్టలు పిండుతున్నా సరే, చెయ్యి పెట్టేది, పోయేది. అది ప్రేమో, దెప్పో ఇన్నేళ్లలో తేల్చుకోలేకపోయాను. ఒకసారి విసుక్కుని, "నాకేం కాలేదు అత్తమ్మా," అన్నాను. "తెలుసు తియ్యి," అంది.

ఈ ఏడు కోత పండుగకే ఆమె లేవలేకపోయింది. కాళ్లు పొంగాయి, పడుకుంటే ఆయాసం. సొరకాయ మా ఆయనతో పంపింది. తక్కువకు పోయిందని తెలిసి రెండు రోజులు ముఖం ముడుచుకుంది. దవాఖాన రోజు వచ్చింది.

"నా బదులు నువ్వు పో," అంది.

"నిన్ను ఇట్లా వదిలి నేనెక్కడికీ పోను."

"గీ మంచం మీద నన్ను చూసుడేమున్నది? ఇన్నేండ్లల్ల ఒక్కసారి తప్పలేదు నేను. పక్కింటోళ్లు ఉన్నరు, ఫికర్ చెయ్యకు. లే, చీర కట్టుకో."

పోనన్నాను. ముఖం గోడవైపు తిప్పేసుకుంది. పాలు ఇస్తే తాగనంది. చివరికి కట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, టాంగా ఎక్కాక నాకు సంతోషం కూడా కలిగింది. ముందు సీట్లో, తోలేవాడి పక్కన కూచున్నాను. అది ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

సమాధుల తోట నుంచి వచ్చాక ఇల్లు నిండా మనుషులు. అందరూ మంచివాళ్లే. అందులో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "పోయేటప్పుడు దగ్గర నువ్వున్నవా అమ్మా?" అని అడిగింది. చెడుగా అడగలేదు. అట్లాంటప్పుడు అందరూ అడిగేదే. నేను కాఫీ తెస్తానని లేచాను. ఎప్పుడో ఒళ్లు మండి నేను రాసిన వాక్యం, కోడలన్న చోట అత్త అని, ఇంకో రెండు మాటలు మారిస్తే చాలు, నాకే సరిపోయింది. అది తెలిసినా లోపల ఏమీ కదల్లేదు. గిన్నెలు కడిగాను. కప్పులు తుడిచి వరసగా బోర్లించాను.

నాలుగో రోజు దర్జీ అన్న వచ్చాడు. నేతపని వదిలి వాళ్ల ఊరి నుంచి మా వీధికి వచ్చిన మనిషి, పది మాటలు అడిగితే ఒకటి చెబుతాడు. ఆ రోజు గుడ్డసంచి ముందు పెట్టుకుని నిలబడ్డాడు.

"చెల్లె, నాతోని ఒక తప్పయింది. గీ బుక్కు ఆగమాగంల నా సంచిల పడ్డది. గీ నాలుగు దినాలు సూసుకోలే."

రోజుల పుస్తకం. అది కనబడటం లేదని కూడా నేను గమనించలేదు.

"నువ్వు పోయినంక పెద్దమ్మ మంచం మీదికెల్లే పిలిచింది. జర రాయాలె నాయినా అన్నది. నాకు కొలతలు తప్ప ఏం రాయొస్తది అన్న. గవే అక్షరాలు, రాయి అన్నది. రాసిన. ఒక్కొక్క మాట ఆగి ఆగి చెప్పింది. మళ్ల చదువుమన్నది, చదివిన. మంచిగున్నది అన్నది. గంతట్లనే..." ఆయన టేపు చివర వేలికి చుట్టుకుని, విప్పుకుని, మళ్లీ చుట్టుకున్నాడు. "తప్పులుంటే ఏమనుకోకు."

ఆయన వెళ్లాక తెరిచాను. నీలం పెన్సిలు, గుడ్డ మీద గీతలు గీసేది. కొలతలు రాసినట్టే ఒక్కో మాటా ఒక్కో వరసలో, కిందికి కిందికి రాశాడు.

"ఇయ్యాల మా కోడలు నా బదులు దవాఖానకు పోయింది. నేనే పొమ్మన్న. పోనంటే కోపం చేసిన. ఆమె తప్పు లేదు. మీటింగుల ఈ మాట గట్టిగ చదువుండ్రి."

అదొక్కటే. తను పోతానని తెలిసి రాయించిందని నేను అనుకోను. సాయంత్రం నేను వస్తాననే అనుకుని ఉంటుంది. జబ్బు మనిషిని వదిలి వచ్చానని సమాజంలో ఎవరైనా నన్ను అనకూడదని, ముందే నోళ్లు మూయించి పెట్టింది. క్షమించమని అడగకుండా నేను దాచుకున్న మాట ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు.

వచ్చే వారం ఆఖరి మీటింగు. ఆమె పుస్తకం నన్నే చదవమని అమ్మగారు కబురు పంపారు. సరేనన్నాను. చదవగలనో లేదో తెలియదు. ఇప్పటికీ కళ్లు పొడిగానే ఉన్నాయి. దర్జీ అన్న ఆ పెన్సిలు ఎంత అదిమి రాశాడో, అక్షరాలు అడుగు పేజీలోకి దిగిపోయాయి. పేజీ తిప్పితే అవతల తెల్లకాగితం, ఏమీ రాసి లేదు. దాని మీద వేలు పెట్టి ఆమె బైబిలు చదివినట్టు మెల్లగా జరుపుతుంటే, వరస వరసకీ గుంటలు తగులుతున్నాయి. నేనే. పొమ్మన్న.